సగంలో ఆగిన టికెట్లు

ఉద్యోగంలో నువ్వు చేసిన మంచి పని ఏమిటని ఎవరైనా అడిగితే, మిట్టమధ్యాహ్నం ఒక చిన్న లైటు ఆరిపోవడం చూశానని చెబుతాను. అడిగినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఇప్పుడు ఫోన్లకూ వాచీలకూ డ్రైవర్లు రాస్తున్న పిల్లలు మాత్రం నవ్వరని నా నమ్మకం. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. మిగిలినవాళ్లకు కూడా అర్థమయ్యేట్టే చెబుతాను, భయపడక్కర్లేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. చిలమత్తూరు దాటి కర్ణాటక హద్దుకు దగ్గరలో ఒక రేకుల షెడ్డులో మా కంపెనీ ఉండేది. బెంగళూరులో అద్దె కట్టలేక మా యజమాని అక్కడ పెట్టాడు. మాతో మాత్రం "ఈడ గాలి మంచిది" అనేవాడు. ఆ గాలి ఎండాకాలంలో రేకుల కింద ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియదు, ఆయన గదికి మాత్రం మిద్దె కప్పు ఉండేది.

బస్సు కండక్టర్లు చేత్తో పట్టుకొని టికెట్లు కొట్టే మిషన్లు తయారుచేసేవాళ్లం. అంతకుముందు కండక్టర్లు రంగురంగుల టికెట్ల కట్టలు చంకలో పెట్టుకొని తిరిగేవాళ్లు. మా మిషన్లో మీట నొక్కితే టికెట్టు అచ్చయి బయటికొస్తుంది. మా ప్రాంతంలోనే ఒక డిపో, పేరెందుకులెండి, మొదటి విడత మిషన్లు మా దగ్గర తీసుకుంది. అవి బాగా పనిచేస్తే మరిన్ని డిపోలకు మావే. పనిచేయకపోతే షెడ్డుకు తాళం. ఈ సంగతి మాకు తెలిసినా, యజమాని రోజుకొకసారి గుర్తుచేసేవాడు.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం ముగ్గురం. నేను ముదిగుబ్బ పక్క మెట్ట సేద్యం ఇంటివాణ్ని, వయసులో పెద్దవాణ్ని, అందుకని తిట్లు ముందు నాకు పడేవి. రెండో ఆయన ధర్మవరం మనిషి, మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. ప్రింటరు పని ఆయనది కాబట్టి ప్రింటరన్న అనేవాళ్లం. తన పనిలో పోగంత తప్పు వచ్చినా ఒప్పుకునే రకం కాదు, నిజానికి తప్పు వచ్చేది కూడా తక్కువే. మూడో మనిషి అనంతపురంలో చదువు ముగించి నేరుగా మా షెడ్డుకొచ్చిన అమ్మాయి. తెర, మీటలు, వాటికి వెలుగిచ్చే లైటు, బ్యాటరీ పొదుపు, ఇవన్నీ ఆమెవి. ఆమెకు పొదుపు పుట్టుకతో వచ్చింది. మేమింకా గదిలో కూర్చొని ఉండగానే ఫ్యాను ఆపేసి భోజనానికి పోయేది.

డ్రైవరు అంటే మిషన్ లోపల ఒక్కొక్క భాగాన్ని చూసుకునే చిన్న ప్రోగ్రాము. ప్రింటరుకొక డ్రైవరు, లైటుకొక డ్రైవరు. ఎవరి భాగం వాళ్లు చూసుకుంటారు. కండక్టరు కాసేపు మీటలు ముట్టుకోకపోతే లైటు డ్రైవరు లైటు ఆపేస్తుంది, బ్యాటరీ మిగులుతుంది. కండక్టరు పొద్దున బస్సెక్కితే మళ్లీ డిపోకొచ్చేదాకా ఆ బ్యాటరీ ఆగాలి. అందుకే ఆ పొదుపంటే మా యజమానికి చాలా ఇష్టం.

మిషన్లు ఇచ్చిన కొన్నాళ్లకు డిపో నుంచి కబురొచ్చింది. ఒక కండక్టరమ్మను సస్పెండ్ చేశారట. మా మిషన్ గురించి ఏవో వివరాలు కావాలట. నేను పోయాను. సంగతేమిటంటే, బెంగళూరు పోయే బస్సులో ముదిగుబ్బ దగ్గర కూలీల గుంపు, వాళ్లను పనికి తీసుకుపోయే మేస్త్రీ ఎక్కారు. ఆమె అందరికీ టికెట్లు కొట్టింది. కదిరి రాకముందే చెకింగ్ వాళ్లు ఎక్కి చూస్తే ఆ గుంపులో కొందరి దగ్గర టికెట్లు లేవు. మిషన్ జ్ఞాపకంలో మాత్రం అందరివీ కొట్టినట్టే ఉంది. అట్లాంటప్పుడు చెకింగ్ వాళ్లకు వచ్చే అనుమానం ఒక్కటే. కొట్టిన టికెట్లు కొన్ని తనే అట్టిపెట్టుకొని, వేరేవాళ్లకు మళ్లీ అమ్ముకోవాలని చూసిందని. కండక్టరు మీద అంతకంటే చెడ్డ నేరం లేదు. విచారణలో అది నిలిస్తే ఉద్యోగం పోతుంది.

"మీ మిషన్ లెక్క తప్పు చూపిస్తాదా?" అని అడిగాడు డిపో మేనేజరు.

"చూపించదు సార్," అన్నాను. అది నిజమే అనుకొని అన్నాను. అన్న తరువాతగానీ ఆ మాట ఆమెకు ఎంత చేటు చేస్తుందో తట్టలేదు. అందుకని ఆమె ఇల్లు కనుక్కొని పోయాను.

కదిరిలో అద్దె ఇల్లు. వసారాలో నాలుగైదు మంది ఆడవాళ్లతో కలిసి విత్తనం వేరుశనక్కాయలు వలుస్తోంది. సస్పెండయినప్పటి నుంచి ఆ కూలి పనే చేస్తోందట. నేను మిషన్ కంపెనీ మనిషినని చెప్పగానే పక్కనున్నవాళ్లు వలవడం ఆపి నన్ను చూశారు. ఆమె మాత్రం ఆపలేదు.

"నేను మీట నొక్కినా సార్. కాయితం వచ్చింది. వచ్చినంత చింపి మేస్త్రీ చేతికిచ్చినా. బండి నిండా జనం, మూటలు. నిలబడి లెక్కపెట్టేకి తావు యాడుండాది?"

"మిషన్ మధ్యలో ఆగిందా అమ్మా?"

"ఆగింది. అయిపోయినాయేమో అనుకున్యా. మళ్లీ నొక్కితే ఇంగో టికెట్టు బాగనే వచ్చింది." ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కొని, "ఉజ్జోగం పోతే ఎట్ల బతకల్లనో ఈ కాయలు చెప్తాండాయి. అది పడతా. దొంగముండ అని నా ఎనకాల అంటాండారే, అది పడల్యాకున్యా సార్," అంది.

ఆమె అబద్ధం చెప్పడం లేదని నాకు అక్కడే తెలిసిపోయింది. తెలియడం వేరు, చూపించడం వేరు. విచారణకు పై వారం దాకా గడువుంది.

ఆమె వాడిన మిషన్ను డిపో నుంచి తెచ్చి, షెడ్డులో ముందేసుకొని అందరం కూర్చున్నాం. టికెట్టు తర్వాత టికెట్టు కొట్టాం. ఒక్కటీ ఆగలేదు. ప్రింటరన్న ఛాతీ విరుచుకున్నాడు. యజమాని దుమ్మన్నాడు, ఎండన్నాడు, చివరికి కండక్టరమ్మ దగ్గరే ఏదో మర్మం ఉందన్నాడు. నేను ఆ మిషన్ను సంచిలో వేసుకొని బస్సెక్కాను.

ఆమె తిరిగిన బస్సే. ఆమె బదులు వేరే కండక్టరు వస్తున్నాడు. మేనేజరు అనుమతితో ఆ పాత మిషన్ ఆయనకిచ్చి, ఇంజను పక్క సీట్లో ఆయన చేతులే చూస్తూ కూర్చున్నాను. మొదట తిరిగినప్పుడు ఏమీ జరగలేదు. ఒక్కొక్కరూ వచ్చి ఊరి పేరు చెబుతున్నారు, ఆయన మీటలు నొక్కుతున్నాడు, టికెట్టు వస్తోంది. "నీ మిషన్ బంగారం గదప్పా, దీన్ని పట్టుకోని ఏం చేస్తాండావు?" అని ఎగతాళి చేశాడు. నాకు ఒళ్లు మండింది.

ఆ ఏడు కూడా వాన ఎగ్గొట్టింది. వేరుశనగ పైరు ఎండిపోయి జనం బెంగళూరు మట్టి పనులకు పోతున్నారు. ఒక మధ్యాహ్నం ముదిగుబ్బలో మళ్లీ అట్లాంటి గుంపే ఎక్కింది. గిన్నెల మూటలు, గడ్డపారలు, చంటిబిడ్డలు. ముందు మేస్త్రీ.

"ఏమప్పా, అందరివీ ఒగే తూరి కొట్టు," అన్నాడు మేస్త్రీ. "ఎవరి టికెట్టు వాళ్లకు ఉండల్ల. ఆడ దిగినాక తలా ఒక దిక్కు పోతారు."

"కొడతాండాలే. తోసుకోవాకండి," అని కండక్టరు ఎంతమందో ఒకేసారి మిషన్లో వేసి, మీట నొక్కి, చెయ్యి తీసేశాడు.

అప్పుడు నాకు తట్టింది, మా షెడ్డులో మేమెప్పుడూ ఇట్లా చేయలేదని. మేం ఒక్కో టికెట్టుకూ మీట నొక్కేవాళ్లం. మా ప్రాంతంలో కూలికి పోయే గుంపు తరఫున మేస్త్రీ ఒక్కడే మాట్లాడతాడు, ఒక్కడే టికెట్లు తీసుకుంటాడు, విడివిడిగా కావాలంటాడు. కాగితం పొడుగ్గా వస్తూనే ఉంటుంది, అంతసేపూ మీట మీద వేలు పడదు. ఆ పక్క ఊళ్లోనే పుట్టిన నాకు ఇది తెలియనిది కాదు. షెడ్డులో కూర్చుంటే గుర్తురాలేదు, అంతే.

నేను మిషన్ మీదికి వంగాను. ఎండ నేరుగా తెర మీద పడుతుంటే లైటు ఉందో లేదో కనబడదు. సరిగ్గా అప్పుడే ఒకామె నెత్తిమీది మూటతో కిటికీకి అడ్డంగా నిలబడింది. నీడ పడింది. ఆ నీడలో తెర వెలుగుతూ కనబడింది, కాగితం వస్తూ కనబడింది. చూస్తుండగానే లైటు ఆరింది. అదే క్షణంలో కాగితం ఆగింది. తరువాతి టికెట్టు సగం ఊరి పేరుతో ఆగిపోయింది, హడావిడిలో ఎవరూ గమనించనంత చిన్న ముక్క.

"అయిపోయినాయి," అంటూ కండక్టరు చింపబోయాడు.

"చింపొద్దన్నా," అని ఆయన చెయ్యి పట్టుకున్నాను. మేస్త్రీ చేత లెక్కపెట్టించాను. తక్కువున్నాయి. మిషన్ను అడిగితే అన్నీ కొట్టేశానంది. ఇంకో మీట నొక్కాం. లైటు వెలిగింది, ప్రింటరు ఏమీ జరగనట్టు బుద్ధిగా టికెట్టు ఇచ్చింది. బస్సులో అంతమంది మధ్య నాకు గట్టిగా అరవాలనిపించింది. అరవలేదు. తక్కువపడిన టికెట్లు మళ్లీ కొట్టించి, కదిరిలో దిగి, చిలమత్తూరు వైపు పోయే బస్సు పట్టుకున్నాను.

షెడ్డుకు రాగానే మిషన్ లోపలి సర్క్యూటు బోర్డు బొమ్మ తీసి చూశాను. నేను అనుమానించిందే ఉంది. ఖర్చు తగ్గుతుందని బోర్డు గీసినాయన లైటుకూ ప్రింటరుకూ కలిపి ఒకే కరెంటు దారి ఇచ్చాడు, దానికి ఒకే స్విచ్చు. లైటు డ్రైవరు స్విచ్చు ఆపితే ప్రింటరుకూ కరెంటు పోతుంది. ప్రింటరు బాగుందో లేదో చెప్పే తీగ కూడా ఆ కరెంటు మీదే నడుస్తుంది. కరెంటు లేనప్పుడు ఆ తీగ "అంతా బాగుంది" అన్నట్టే కనబడుతుంది. అందుకే మిషన్ లేని టికెట్లను కొట్టినట్టు రాసుకుంది.

ఇద్దర్నీ పిలిచి చెప్పాను. ఇద్దరూ ఒకేసారి లేచారు.

"నా దాంట్లో ఒక్క తప్పు చూపియ్యన్నా," అన్నాడు ప్రింటరన్న.

"లైటు ఆపేది నా పని, ఆపినా," అంది ఆ అమ్మాయి. "ఆపొద్దని నాకెవరు చెప్పినారు?"

"నేను పనిలో ఉండానా అని అడగద్దా?"

"నువ్వు పనిలో ఉండేది నాకెట్ల తెలుస్తాదన్నా?"

కాసేపు వాదించుకోనిచ్చాను. ఆ అమ్మాయి అడిగిన చివరి ప్రశ్నలోనే జబ్బంతా ఉంది. ఇద్దరి కోడూ విడివిడిగా చదివితే వంక పెట్టడానికి లేదు. తప్పు ఇద్దరిలో ఎవరి దగ్గరా లేదు, ఇద్దరి మధ్యా ఉంది. పిల్లలూ, మీ ఉద్యోగంలో మిమ్మల్ని ఎక్కువ ఏడిపించే తప్పులు ఇట్లాంటివే. అవి ఏ ఒక్కరి ఫైల్లోనూ దొరకవు.

"ఆ స్విచ్చు మీద ఇకపై మీ ఇద్దరిలో ఎవరి చెయ్యీ పడకూడదు," అన్నాను. మూడోది ఒక చిన్న ప్రోగ్రాము రాశాం. స్విచ్చు దానిది. ఎవరికి కరెంటు కావాలన్నా దాన్ని అడగాలి, పని అయ్యాక చాలని చెప్పాలి. ఎంతమంది వాడుతున్నారో అది లెక్క పెట్టుకుంటుంది. మొదటివాడు అడిగినప్పుడు వేస్తుంది, ఆఖరివాడు చాలన్నప్పుడే ఆపుతుంది. ఇంతే. ఈ రోజుల్లో ఇది మీకు సిస్టంలోనే తయారుగా దొరుకుతుంది. అప్పుడు మా చిన్న మిషన్లో మేమే కట్టుకోవాల్సి వచ్చింది.

ఒకేసారి పొడుగ్గా టికెట్లు కొట్టాం. లైటు ఆరే సమయం దాటినా కాగితం వస్తూనే ఉంది. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. మరునాడు అదే మిషన్ బస్సులో పెడితే మధ్యాహ్నానికే బ్యాటరీ చచ్చింది.

యజమాని తల పట్టుకున్నాడు. ఈసారి వెతకడం తేలికే, ఎక్కడ చూడాలో తెలుసు. ఎవరో "కావాలి" అని, "చాలు" అనడం మరిచారు. మా కండక్టర్లు కాగితం చుట్ట అయిపోవస్తే, ఇంకా అచ్చవుతుండగానే మూత తెరిచి కొత్తది వేస్తారు, జనం ఆగనివ్వరు కాబట్టి. కాగితం లేదని తెలియగానే ప్రింటరు డ్రైవరు పని వదిలేసి మధ్యలోనే బయటికొస్తోంది. ఆ దారిలో చాలు అనే మాట లేదు. లెక్కలో ఒకడు ఎప్పటికీ మిగిలిపోతాడు, స్విచ్చు ఎప్పటికీ ఆగదు.

ప్రింటరన్నకు చూపించాను. ఆయన చాలాసేపు తెరకేసి చూశాడు. "దొరికిందిలే," అని మాత్రం అన్నాడు. ఆ తరువాత తన ప్రోగ్రాములో బయటికిపోయే దారులన్నీ ఒక్కొక్కటే తడిమి చూసుకుంటూ కూర్చున్నాడు. మూత తెరవడం, అచ్చువేసే ప్రింటరు తల వేడెక్కడం, కాగితం ఇరుక్కోవడం, అన్ని దారుల్లోనూ చాలని చెప్పించాడు. టీ తాగమన్నా లేవలేదు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజు రెండింతలయింది. ఆ మిషన్ బస్సులో పెడితే బండి డిపోకు తిరిగొచ్చేదాకా బ్యాటరీ నిలిచింది.

పని అయింది కదా అనుకుంటే అసలు గొడవ అప్పుడు మొదలయింది. "కొత్త సాఫ్ట్‌వేరు అన్నిట్లో నింపుదాం, పాతది తవ్వేదెందుకు?" అన్నాడు యజమాని.

"ఆయమ్మ విచారణ ఉండాది సార్."

"అది డిపో యవ్వారం. నువ్వు పోయి తప్పు మాదేనంటే ఆర్డరు పోతాది. మీ అందరి జీతాలు నేను యాడ్నుంచి తెచ్చేది?"

ఆయన చెడ్డవాడు కాదు. తన ఇల్లు కుదువపెట్టి ఆ షెడ్డు నడుపుతున్నాడు. ఆ భయం నాకూ ఉంది, నాకూ ఇద్దరు పిల్లలు. కానీ కాయలు వలుస్తూ తలెత్తకుండా మాట్లాడిన ఆమె కళ్లముందు మెదిలింది. "ఆమె మీద కేసు పెట్టింది మన మిషన్ సార్. మీరు పంపితే కంపెనీ మనిషిగా పోతా. పంపకపోతే సెలవు పెట్టి పోతా," అన్నాను. ఆయన తన గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

విచారణ రోజు పాత సాఫ్ట్‌వేరుతో ఒక మిషన్, కొత్తదానితో ఒక మిషన్ పట్టుకొని డిపోకు పోయాను. ఆమె వరండాలో బెంచీ మీద ఇస్త్రీ చీరలో కూర్చొని ఉంది. లోపలికి పోబోతుంటే గేటు దగ్గర మా యజమాని స్కూటరు ఆగింది. నన్ను ఆపడానికొచ్చాడో తోడుకొచ్చాడో ఆయన ముఖం చూస్తే తెలియలేదు. వెనక సీటు నుంచి ప్రింటరన్న దిగాడు.

మేనేజరు గది కిటికీ రెక్కలు మూయించాను, లైటు కనబడాలి కదా. పాత మిషన్ ఆయన చేతికే ఇచ్చి ఒక గుంపుకు టికెట్లు కొట్టమన్నాను. ఆయన మీట నొక్కి చెయ్యి తీశాడు. కాగితం వస్తూ వస్తూ, లైటు ఆరగానే ఆగింది. ఆయన దాన్ని చింపి తానే లెక్కపెట్టాడు. మిషన్ లెక్క చూశాడు. మళ్లీ ఒకసారి చేశాడు. అదే కథ. తరువాత కొత్త మిషన్‌తో చేశాడు. లెక్క సరిపోయింది.

"కంపెనీవాళ్లే వచ్చి మా మిషన్ తప్పు అనేది నా సర్వీసులో ఇనల్యా," అన్నాడు. ఆ తరువాత అడిగాడు, "ఈ ఒక్క మిషనే ఇట్లనా, ఇంగా ఉండాయా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఒక్కటే అంటే అందరికీ సుఖం. యజమాని వైపు చూడలేదు.

"మేమిచ్చినవన్నీ ఇట్లే సార్," అన్నాను.

మేనేజరు సొరుగు లాగి ఇంకో రెండు ఫైళ్లు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇదే కేసు ఇంగా ఇద్దరి మీద ఉండాది," అన్నాడు.

అప్పుడు లేచింది మా యజమాని. "తప్పు మాది సార్. ముగ్గురి గురించీ రాసిస్తాం. మిషన్లన్నీ మా దుడ్లతో మార్చిస్తాం." ఆ నిమిషంలో ఆ మనిషి దగ్గర పనిచేస్తున్నందుకు నేను ఎంత గర్వపడ్డానో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పే అవసరం కూడా రాలేదు. తరువాత షెడ్డులో చేరిన ప్రతి కొత్త మనిషికీ ఈ కథ ఆయనే చెప్పేవాడు, అందులో లైటు ఆరడం కూడా ఆయనే చూసేవాడు.

కొత్త ఆర్డరు మేం అనుకున్న దానికన్నా చిన్నది వచ్చింది, ఆలస్యంగా వచ్చింది. షెడ్డుకు తాళం మాత్రం పడలేదు. జీతాలు ఒక నెల ఆలస్యమైతే ఎవరం సణుక్కోలేదు.

ఆమెను డ్యూటీలో చేర్చుకున్న రోజు నేను పనేదో కల్పించుకొని ముదిగుబ్బ పోయాను. బెంగళూరు బస్సు వచ్చింది. ఖాకీ చొక్కాలో ఆమె దిగి, మెట్టు దగ్గర నిలబడి మూటలు సర్దించింది. కూలీల గుంపు ఎక్కింది, మేస్త్రీ ఒకేసారి కొట్టమన్నాడు. నన్ను చూసి తల ఊపింది గానీ మాట్లాడలేదు, పనిలో ఉంది. మీట నొక్కి చెయ్యి తీసింది. కాగితం వస్తూనే ఉంది. దగ్గరున్నవాళ్లు వింతగా చూస్తున్నారు, అది ఆమె మోకాళ్ల దాకా వేలాడింది. ఆఖరి టికెట్టు వచ్చాక చింపి, అందరి ఎదుటా, గట్టిగా పైకి లెక్కపెట్టింది. మేస్త్రీ సరిపోయిందన్నాడు. ఆమె ఆ కాగితం ఆయన చేతిలో పెట్టి, మెట్టెక్కి తలుపేసి, బస్సంతా వినబడేట్టు "రైట్" అంది.